గడ్డలు లేని దారం

"ఇది మిల్లు దారమమ్మా," అన్నది చేతిపనుల సంఘం అధ్యక్షురాలు. మా తోటికోడలు అల్లిన స్వెటర్ చేతిని, చచ్చిన ఎలుకను తోక పట్టుకుని ఎత్తినట్టు రెండు వేళ్లతో పైకెత్తి, మళ్లీ బల్ల మీద వదిలేసింది.

ఆ దారం వడికింది నేను. గొర్రె మీంచి దిగిన ఉన్నిని మట్టితో, ముళ్లతో సహా ఇంటికి తెచ్చుకుని, పీచు పొడవును బట్టి వేరుచేసి, గోరువెచ్చని నీళ్లలో కదపకుండా నానబెట్టి, ఆరబెట్టి, దువ్వి, ఏకులు చుట్టి, రాట్నం మీద ఒంటిపేటగా వడికి, రెండు పేటలు కలిపి పేని, పెద్ద చుట్టలుగా చిలపలు కట్టి, మరోసారి తడిపి ఆరేసి, అప్పుడు మాత్రమే ఉండగా చుట్టి మా తోటికోడలి ఒళ్లో పెట్టాను. ఈ పనుల్లో ఏ ఒక్కదాన్నీ ఏ మిల్లూ నాకు చేసిపెట్టలేదు.

"కాదండీ, మా అక్కే వడికింది. ఇదిగో, ఈవిడే," అంది మా తోటికోడలు, నన్ను మోచేత్తో ముందుకు తోస్తూ.

అధ్యక్షురాలు నన్ను చూసింది. నా కళ్లద్దాలను, చంకలోని గ్రంథాలయ పుస్తకాన్ని చూసింది.

"పెద్దవారు, మీరు అబద్ధం చెబుతున్నారని నేననను. కానీ చేతితో వడికిన దారానికి ఒక ప్రాణం ఉంటుందండీ. ఎత్తుపల్లాలుంటాయి. ఇందులో వెతికినా ఒక్క గడ్డ లేదు!"

"గడ్డ లేకుండా వడకడాన్నే వడకడం అంటారు," అన్నాను.

ఆమె ఓర్పుగా నవ్వి, నిరుడు బహుమతి పొందిన శాలువా ఒకటి తెచ్చి మా ముందు పరిచింది. దాని దారం వరసగా కప్పలను మింగిన పాములా ఉంది. ఒకచోట బొటనవేలంత లావు, దాని పక్కనే తెగడానికి సిద్ధంగా ఉన్న వెంట్రుక. "చూశారా, ఇదీ చేయి అంటే," అన్నది అధ్యక్షురాలు. ఆ శాలువాను ముట్టుకుంటుంటే ఆమె కళ్లు నిజంగానే చెమర్చాయి. అబద్ధమాడే మనిషి కాదు. తెలియని మనిషి, తెలుసనుకునే మనిషి. అబద్ధాలకోరుతో వాదించవచ్చు గానీ ఇటువంటివారితో వాదించడం కష్టం.

ఆ ఏటి ప్రదర్శనకు సంఘం కొత్త నియమం పెట్టింది: వస్తువే కాదు, దాని దారం కూడా ఇంట్లో చేతితో వడికినదే కావాలి. ఆ నియమం విన్న రోజున మా తోటికోడలు సంబరంగా ఇల్లంతా తిరిగింది. మా కోసమే పెట్టారనుకుంది.

ఆమె కోరిక చిన్నది. అందుకే ఇంతకాలం ఎవరి కంటా పడలేదు. ఆమె అల్లిన స్వెటర్లు మా రెండు కుటుంబాల పిల్లలనూ, వాళ్ల పిల్లలనూ, ఇరుగుపొరుగునూ చలినుంచి కాపాడాయి. ఒకటి కుక్కపిల్లకు పరుపయింది. ఒకటి బండి తుడిచే గుడ్డయింది. దాన్ని ఆమె మెట్ల కింద చూసి, అంచు అల్లికను బట్టి గుర్తుపట్టి, పైకి వచ్చేసింది. ఆ రోజే నాతో అంది: "ఒక్కటంటే ఒక్కటి, అక్కా. గోడకు తగిలించాలి. దాని మీద దీపం వెలగాలి. జనం ముట్టుకోకుండా, చేతులు వెనక్కి కట్టుకుని చూడాలి. ఆ తర్వాత కుక్కకి వేసినా నేనేమీ అనను."

ఇప్పుడు ఆ స్వెటర్‌ను కాగితం సంచీలో పెట్టుకుని, ఆమె సంఘం మెట్లు దిగి ఇంటిదారి పట్టింది. మా మేడ మెట్ల దగ్గరకు వచ్చాక ఆగింది.

"అక్కా, ఒక మాటంటాను, కోప్పడవుగా?"

"కోప్పడతానని తెలిసే అడుగుతున్నావు. అను."

"కాస్త గడ్డలు గడ్డలుగా వడకరాదూ?"

మూడో అంతస్తు దాకా ఎక్కాం. తలుపు తాళం తీశాక జవాబు చెప్పాను.

"రేపు ఆవిడ భోజనానికొచ్చి, మాడిపోతేనే ఇంటివంట అంటుంది. మాడుస్తావా?"

"నేనడిగింది గడ్డలు. మాడ్చమని ఎవరన్నారు?"

"తెలిసి తెలిసి తప్పు చేయడానికి నాకు చేయి రాదు."

"నీ చేయి నీ దగ్గరే భద్రంగా దాచుకో. నీకు నీ దారం గొప్ప. నా స్వెటర్ ఏమైపోతే నీకేంటి?"

"ఇవాళ గడ్డలంటే గడ్డలు వెయ్యాలి. రేపు మూడు చేతుల స్వెటర్ కావాలంటే అల్లుతావా?"

"అల్లుతాను! గోడకు తగిలించేదానికి ఎన్ని చేతులుంటేనేం?"

జవాబు లేని చోట మౌనం వహించడం నా పద్ధతి. ఆమె పద్ధతి కూడా అదే కావడం మా ఇంటి దురదృష్టం.

అన్నదమ్ములిద్దరూ పోయాక వాళ్ల భార్యలం మేమిద్దరం ఈ ఇంట్లో మిగిలాం. ముందుగదిలోనే మా ఇద్దరి పనీ. నా రాట్నం నిలువుది, కాలితో తొక్కేది. చక్రం నా ముఖానికి ఎదురుగా తిరుగుతుంది. చక్రానికి అవతల, గోడవారగా, ఆమె కుర్చీ. నేను వడుకుతుంటే ఆమె అల్లుకుంటూ, చక్రాన్ని వెనకనుంచి చూస్తూ, ఊళ్లో సంగతులన్నీ చెబుతుంది. నిండిన రెండు కండెల దారాన్నీ కలిపి పేనేటప్పుడు నాకు వెలుతురు ఎక్కువ కావాలి గనుక రాట్నాన్ని కిటికీ వైపు తిప్పుకుంటాను. అప్పుడు నా వీపు ఆమె వైపు ఉంటుంది. అయినా సంగతులు ఆగవు. ఇన్నేళ్లలో ఆమె రాట్నం తొక్కుతానని అడగలేదు, నేను తొక్కమని అనలేదు. ఎవరి పని వాళ్లది.

ఇప్పుడు ఆ గదిలో సంగతులు లేవు. వేడినీళ్లు కాగాయన్న సమాచారం ఆమె కిటికీలోని కుండీ మొక్కకు చెప్పేది. పాలవాడు రాలేదన్న సంగతి నేను తలుపుకు చెప్పేదాన్ని. ఒకరోజు ఆమె ఆ మొక్కతో, "కొంతమందికి పుస్తకాలు చదివి చదివి మెడ పట్టేసింది, పక్కకు తిరగదు," అంది. నా మెడ నిజంగానే పట్టేసింది. కాని ఆమె అన్నది దాన్ని గురించి కాదని గ్రహించగలిగినంత చదువు నాకుంది.

మధ్యాహ్నాలు నేను గ్రంథాలయానికి వెళ్లేదాన్ని. తిరిగి వచ్చేసరికి ఇంట్లో చిన్న చిన్న మార్పులు కనపడసాగాయి. ఉద్యోగమున్నన్నాళ్లూ ముద్రణాలయంలో అచ్చుతప్పులు దిద్దాను. ఒక చుక్క పక్కకు జరిగినా నా కంటికి తగులుతుంది. చక్రం తాడును బిగించే మర నేను ఉంచినచోట లేదు. పీట జానెడు వెనక్కి జరిగింది. ఆమె కాళ్లు నాకన్నా పొడవు. తొక్కుడుపలక కింద పీచు రాలి ఉంది. మంచి ఉన్ని ఉన్న బుట్ట మాత్రం ఎప్పటిలాగే నిండుగా ఉంది. తగ్గుతున్నది, దిండ్లలో కూరడానికని నేను పక్కన పడేసిన గోనెసంచి: గొర్రె కాళ్ల మీది ముతక ఉన్ని, సరిగా ఉతకనిది, జిడ్డు వదలనిది.

ఆమె వడుకుతోందని నాకర్థమైంది. ఒకనాడు స్నానాల గదిలో తాడుకు ఒక చిలప వేలాడింది. దాని అడుగున మా ఇస్త్రీపెట్టె కట్టి ఉంది. మెలికలు పోకుండా బరువు కట్టి సాగదీయవలసినంత మొండి దారం ఎందుకయిందో దగ్గరికెళ్లి చూడవచ్చు. చూడలేదు. నన్నడగకుండా చేసిన పనిని, నన్నడగనిదే పరీక్షించడం మర్యాద కాదనుకున్నాను. ఆ మర్యాదను ఇస్త్రీపెట్టెతో పాటు తాడుకు అలా వేలాడనిచ్చి బయటికి వచ్చేశాను.

వర్షాలు తగ్గి చలి మొదలయ్యే వేళకు ఆమె ఒక స్వెటర్ పూర్తిచేసింది. గుండ్రటి సూదుల మీద, అంచు నుంచి మెడ దాకా, ఎక్కడా అతుకు లేకుండా అల్లింది. సంచీలో పెట్టుకుని ఒంటరిగా సంఘానికి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడును బట్టే ఫలితం తెలిసిపోయింది.

"తీసుకున్నారు," అంది మొక్కతో. "అధ్యక్షురాలు కౌగిలించుకుంది. ఇదీ చేయి అంటే, అంది. కాస్త గొర్రె వాసన వస్తోంది, ఉతికి తెమ్మంది."

ముప్ఫయ్యేళ్లుగా నేను వడికిన దారం మిల్లుదట. రాట్నం ఎక్కడ పట్టుకోవాలో తెలియని మనిషి దిండ్ల ఉన్నితో వడికింది చేయట. ఈ తీర్పును నేను పుస్తకం వెనక నుంచి విన్నాను. ఆ పుటను ఆ సాయంత్రం మళ్లీ మొదటి నుంచి చదవవలసి వచ్చింది.

మర్నాడు పొద్దున ఆమె బేసిన్‌లో నీళ్లు నింపింది. స్వెటర్ బల్ల మీద ఉంది. నీళ్ల చప్పుడు వినపడుతుండగా నేను దాని దగ్గరికి వెళ్లాను. అచ్చు చూసే భూతద్దం ఇంకా నా దగ్గరుంది. కుట్ల వరసలు నిలువుగా ఉండవలసినవి కొద్దిగా ఒకవైపుకు ఒరిగి ఉన్నాయి. అంచు దగ్గర వేలాడుతున్న కొసను విప్పి వదిలాను. అది పందితోకలా తనను తాను చుట్టుకుంది. అద్దంలోంచి చూశాను. ఒంటిపేటల పురీ, వాటిని కలిపిన పురీ రెండూ ఒకే దిక్కుకు వాలి ఉన్నాయి. పేనేటప్పటి పురి వడికేటప్పటి పురికి ఎదురు తిరగాలి; రెండు పట్టుదలలూ ఒకదాన్నొకటి పట్టి ఆపితేనే దారం నెమ్మదిగా పడుంటుంది. ఇక్కడ రెండూ ఒకేవైపు లాగుతున్నాయి. ఇస్త్రీపెట్టె బరువుకు అణిగి, నీళ్ల కోసం కాచుకుని ఉన్నాయి.

మా తోటికోడలు తడిచేతులతో వచ్చి స్వెటర్ తీసుకుంది.

"ఉతకకు," అన్నాను.

వారాల తర్వాత ఆ ఇంట్లో నేను ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అది. ఆమె మొక్క వైపు చూడలేదు. నన్నే అడిగింది.

"ఎందుకని? ఇదీ నచ్చలేదా?"

"నువ్వు వడికేటప్పుడు చక్రం ఎటు తిరిగింది?"

"ఎడమకి."

"పేనేటప్పుడు?"

"ఎడమకే. నువ్వు తిప్పినట్టే తిప్పాను. ఇన్నేళ్ల నుంచీ చూస్తున్నాను, ఆ మాత్రం తెలీదా? నీ చక్రం ఎప్పుడూ ఎడమకే తిరుగుతుంది."

నేను ఆమె కుర్చీని చూశాను. రాట్నాన్ని చూశాను. కిటికీని చూశాను.

"వడికేటప్పుడు నేను కుడికి తిప్పుతానే. నువ్వు చక్రానికి వెనక కూర్చుంటావు, నీకు అది ఎడమలా కనిపిస్తుంది. పేనేటప్పుడు కిటికీ వైపు తిరిగి ఎడమకి తిప్పుతాను. అప్పుడు నువ్వు నా వీపు వెనక ఉంటావు, నీకు ఎడమ ఎడమలాగే కనిపిస్తుంది."

ఆమె వేలితో గాలిలో ఒక చక్రం తిప్పింది. కుర్చీ దగ్గరికి వెళ్లి మరో చక్రం తిప్పింది. మళ్లీ వచ్చింది.

"అంటే ఇన్నేళ్లూ నన్ను మోసం చేశావన్నమాట!"

"మోసం చేసింది కుర్చీ."

"కుర్చీ నోరు లేనిది. నీకుంది కదా, ఒక్క ముక్క చెప్పొచ్చుగా?"

"నువ్వు మొక్కతో మాట్లాడుతున్నావు. మధ్యలో రావడం బాగుండదని ఊరుకున్నాను."

ఆమెకు నవ్వొచ్చింది; ఆపుకుంది. స్వెటర్‌ను ఎత్తి వెలుతురులో చూసింది.

"ఇప్పుడు ఉతికితే ఏమవుతుంది?"

"తడి తగిలిన వెంటనే పురి లేస్తుంది. మొత్తం మెలితిరుగుతుంది."

"ఉతక్కపోతే?"

"గొర్రె వాసన."

ఆమె పీట మీద కూర్చుంది. మోకాళ్ల మీద స్వెటర్. అంచును చేత్తో రాస్తూ కూర్చుంది. ఆ ముఖం నాకు తెలుసు. మెట్ల కింద బండి తుడిచే గుడ్డను గుర్తుపట్టి పైకి వచ్చిననాటి ముఖం.

"విప్పేద్దాం," అన్నాను. "దారాన్ని వెనక్కి తిప్పి, పేటలు విడదీసి, సరైన దిక్కుకు మళ్లీ పేనుతాను. నేను ఒకవైపు పేనుతుంటే నువ్వు ఒకవైపు అల్లుకుంటూ రా. ఇద్దరం కూర్చుంటే ప్రదర్శన నాటికి అయిపోతుంది."

"గడ్డలు ఉంటాయా?"

"ఉన్న గడ్డలు ఎక్కడికి పోతాయి?"

"పోతాయి. నీ చేతుల్లో పోతాయి. నీకే తెలీకుండా ఒక్కోదాన్నీ నొక్కి, లాగి, సర్దేస్తావు. పొద్దున్నే నా పక్కదుప్పటి మడతలు కూడా సర్దే మనిషివి. చివరికి ఇదీ మిల్లు దారమైపోతుంది."

ఖండించడానికి నోరు తెరిచాను. అది పూర్తిగా నిజం కావడం వల్ల మూశాను.

"పోనీ గడ్డలు ఉన్నాయనుకో," అంది ఆమె. "అప్పుడిది సగం నీదవుతుంది. ఇది నేను వడికాను, నేనే అల్లాను. వంకరైతే నా వంకర."

లేచి వెళ్లి, నేను మరో మాట అనేలోపు, దాన్ని బేసిన్‌లో ముంచేసింది.

మేమిద్దరం బేసిన్ మీదికి వంగి చూశాం. మొదట ఏమీ జరగలేదు. తర్వాత ఒక చేయి, నిద్రలో ఒత్తిగిలినట్టు, నెమ్మదిగా పక్కకు తిరిగింది. నడుము భాగం మెలితిరగసాగింది. పిండి, తువాలు మీద పరిచి, ఎంత సర్దినా కుట్ల వరసలు వినలేదు. ఎడమ నడుము దగ్గర బయలుదేరిన వరస పొట్ట మీదుగా ఏటవాలుగా ఎక్కి కుడి భుజం దగ్గర తేలింది. రెండు చేతులూ చెరో దిక్కుకు తిరిగి, ఎవరినో తిడుతున్న మనిషి చేతుల్లా ఉన్నాయి.

"దీన్ని తొడుక్కున్నవాళ్లు నడవలేరు," అన్నాను. "బొంగరంలా తిరగాలి."

ఆమె మొదట పెదవి కొరుక్కుంది. తర్వాత తువాలు మీద చేతులు ఆనించి, కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది. నవ్వులో ఎన్ని పాళ్లు ఏడుపు కలిసిందో నేను తూచలేదు. "అచ్చం నీలాగే ఉంది చూడు," అంది ఆ చేతులను చూపిస్తూ. "సంఘం మెట్లు దిగుతున్నప్పుడు నువ్విలాగే ఉన్నావు."

ఆరాక దాన్ని అలాగే తీసుకెళ్లింది. ఈసారి నేనూ వెళ్లాను. తిప్పి పంపిస్తారని ఇద్దరికీ తెలుసు. తిరిగి వచ్చే దారిలో ఒకరు తోడుండాలి. హాల్లో వడ్రంగి గోడకు మేకులు కొడుతున్నాడు. అధ్యక్షురాలు స్వెటర్‌ను బల్ల మీద పరిచి, వెనక్కి జరిగి, చేతిని గుండె మీద పెట్టుకుంది.

"ఈ వాలు! పోయినసారి ఇంతలేదే! ఎంత ధైర్యమైన ఆలోచనమ్మా!"

"ఆలోచన కాదండీ, పొరపాటు," అంది మా తోటికోడలు. "రెండుసార్లూ పురి ఒకేవైపు పెట్టాను. ఉతికితే మెలితిరిగింది."

"మిమ్మల్ని మీరు అలా తగ్గించుకోకండి."

"తగ్గించుకోవడం కాదు, జరిగింది చెబుతోంది," అని నేను మొదలుపెట్టాను. మా తోటికోడలు నా కాలు తొక్కింది. రాట్నం తొక్కి తొక్కి ఆ పాదానికి బలం వచ్చింది.

"మేకు కొంచెం పక్కకు కొట్టాలా అమ్మా?" అనడిగాడు వడ్రంగి, తల ఒకవైపుకు వంచి స్వెటర్‌ను చూస్తూ. "సరిగ్గా తగిలించినా వంకరగానే కనపడుతుంది."

ఆ హాల్లో కళ్లున్న మనిషి అతనొక్కడే.

ప్రదర్శన మొదలైన రోజు మా తోటికోడలు ఆ తిరస్కరించిన స్వెటర్ తొడుక్కుని వచ్చింది. నేను వడికినది. చలిగా ఉంది, వేరే మంచిది లేదు, అంది. అలమారులో ఇంకా ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు, దిద్దలేదు.

ఆమె కోరుకున్నట్టే గోడ మీద దీపం వెలుగుతోంది. దాని కింద మెలితిరిగిన స్వెటర్. జనం వచ్చి, ఆగి, చేతులు వెనక్కి కట్టుకుని చూశారు. ఆమె ఒక స్తంభం పక్కన నిలబడి స్వెటర్‌ను కాదు, ఆ చేతులను చూస్తోంది. వచ్చిన ఒకావిడ ఆమె భుజం మీద వేళ్లు ఆనించి, "ఎంత మెత్తగా ఉందండీ, ఏ కొట్లో కొన్నారు?" అని అడిగింది.

"కొన్నది కాదు. మా అక్క వడికింది, నేనల్లాను."

ఆవిడ మర్యాదగా నవ్వింది. నమ్మలేదు. నేను వాదించలేదు, ఆ రోజు వాదన నాది కాదు.

జనం పలచబడ్డాక నేను దగ్గరికి వెళ్లి చూశాను. అచ్చు చూసేటప్పటి అలవాటు, మొదటి నుంచి చివరి దాకా చదవాలి. అంచు దగ్గర దారం భయంకరంగా ఉంది. ఉసిరికాయలంత గడ్డలు, వాటి మధ్య ప్రాణం పోతున్న పోగులు. నడుము దగ్గరికి వచ్చేసరికి గడ్డలు రేగుపళ్లయ్యాయి. చంకల దగ్గర శనగలు. భుజాల దగ్గర వెతుక్కుంటే తప్ప లేవు. మెడ చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పున దారం నునుపుగా, ఒకే లావున, వేలితో రాసినా ఎక్కడా గడ్డ తగలనంత సమంగా ఉంది. దిండ్లలో కూరే ఉన్నితో, ఎవరూ చెప్పకుండా, ఆమె అక్కడిదాకా వచ్చింది.

మా తోటికోడలు వచ్చి పక్కన నిలబడింది.

"అలా ఏం చూస్తున్నావు? ఇంకా ఎన్ని తప్పులు దొరికాయి?"

"మెడ చూడు," అన్నాను. "జాగ్రత్తగా ఉండు. ఇంకొక్క స్వెటర్ అల్లావంటే నిన్ను కూడా మిల్లు అంటారు."

ఆమె మెడ దగ్గరికి వంగి చూసింది. ముట్టుకోవడానికి చేయి చాచి, చుట్టూ చూసి, మళ్లీ వెనక్కి తీసుకుంది. ఆ చేయి రెండో చేతిని వీపు వెనక వెతుక్కుని పట్టుకుంది.

"అక్కా," అంది, తల తిప్పకుండానే. "రేపు ఆ కుర్చీని నీ పక్కకు జరుపుకుంటాను."

"వెలుతురుకు అడ్డం రాకుండా జరుపుకో," అన్నాను.